దొంగచేను కాయలు

ఈ అరబ్బు దేశంలో, రుమైథియాలో నేను వంట చేసే ఇంట్లో నిన్న పచ్చి వేరుశనగ కాయలు ఉడకబెట్టాను. మూత తీయగానే ఆవిరితో పాటు మట్టివాసన లేచింది. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, గుప్పెడు కాయలు నా చేతిలో పోసి, "యల్లా, నువ్వూ తిను" అని సైగ చేసింది. ఒకప్పుడు ఇవే కాయలు నేను ముట్టనన్నాను.

కడప పక్క మా ఊళ్లో మా చేను పేరు దొంగచేను. ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. మా జేజినాయన, అంటే నాయన వాళ్ల నాయన, దాన్ని ఎవరి దగ్గరో కాజేశాడని నేను నమ్మేశాను. చిన్నప్పుడు ఒక ఏడాది కాయలు ఉడికిన రోజు పళ్లెం తోసేశాను.

"దొంగసొత్తు నాకొద్దు!"

జేజినాయన కోప్పడలేదు. "పోదాం పా పాపా, ఆఫీసులో అడిగొద్దాం" అని చెయ్యి పట్టుకుని తాలూకా ఆఫీసుకు తీసుకుపోయాడు. గుమాస్తా దుమ్ము దులిపి పాత మాన్యాల రికార్డు తెరిచాడు. చదువు రాని జేజినాయన కాగితం వైపు కాక గుమాస్తా మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఊళ్లో దొంగలు పడకుండా కాపలా కాసిన తలారికి ఇచ్చిన మాన్యం ఇది. అందుకే ఆ పేరు. ఇందులో ఉన్న ఇంటిపేరు మీ వాళ్లదే" అన్నాడు గుమాస్తా.

"ఇన్యావా పాపా?" అన్నాడు జేజినాయన.

ఆ సాయంత్రం పళ్లెమంతా నేనే ఖాళీ చేశాను.

నా మొండితనం తీర్చడానికే అంత దూరం వచ్చాడనుకున్నాను. కానీ గుమాస్తా చదివేదాకా నన్ను పట్టుకున్న ఆ చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. ఆ చేను నిజంగా దొంగసొత్తేనా అని అడగడానికి ఆయనకు అన్నాళ్లూ ఒక తోడు దొరకలేదు, అంతే.