కిటికీ పక్క దస్తీ

మొన్న సికింద్రాబాద్ స్టేషను ముందు బస్సెక్కితే, ఒక కాలేజీ పిల్ల పక్క సీటు మీద చున్నీ పరిచి కోటకి కాపలా ఉన్నట్టు కూర్చుంది. "ఆంటీ, మా ఫ్రెండ్ వస్తున్నది, జెర ఎనక కూసుంటరా?" అంది. ఈ వయసులో ఆంటీ అన్నందుకే సంతోషించి వెనక్కి వెళ్ళాను. వెళ్ళానే గాని, కళ్ళు ఆ చున్నీ మీదే ఉన్నాయి.

నిజాం రోజుల్లో మేం కాలేజీకి వెళ్ళే బస్సూ ఈ స్టేషను ముందు నుంచే బయల్దేరేది. ముందు భాగంలో ఆడవాళ్ళకి కొన్ని సీట్లు, వాటికి అడ్డంగా ముతక గుడ్డ పరదా. ఆ గుడ్డకి పెట్రోలు వాసన, అవతలి మగవాళ్ళ బీడీల వాసన కలిసి పట్టేసి ఉండేవి. గుంటూరు వైపు నుంచి వచ్చిన మిషన్ స్కూలు మాస్టారి కూతుర్ని, నాకు పరదా ఏమిటని మొదట్లో ఉక్రోషం. నా తరగతిలోనే చదివే ఒక ముస్లిం అమ్మాయి భోయిగూడ నుంచి వచ్చి నా పక్కన చేరాక, ఆ పరదా చాటే మాకు హాయిగా ఉండేది. కిటికీ పక్క చోటు ఆమెది. బురఖా చాటున దాచి తెచ్చిన పల్లీలు కాలేజీ వచ్చేలోపు అయిపోవాలని ఆమె నియమం.

ఆమె ఏనాడూ వేళకి వచ్చిన పాపాన పోలేదు. అందుకే తన దస్తీ, మా ఇంట్లో చేతిరుమాలు అనేవాళ్ళం, నా దగ్గరే ఉంచింది. "నువ్వు ముందొస్తవు గద, జెర నా జాగల ఎయ్యి. నేనొస్తా" అనేది. సీటు మీద దస్తీ పడిందంటే అది ఆ మనిషి చోటే. పహిల్వాన్ పెళ్ళాం ఎక్కినా జరిపేది కాదు. దాని మీద ఆమె కుట్టింది చిలకని. చూసినవాళ్ళంతా కోడి అనేవారు.

నిజాం మీదికి ఢిల్లీ సైన్యం వచ్చిన పోలీసు చర్య రోజుల్లో బస్సులు ఆగిపోయాయి. మళ్ళీ మొదలైన రోజు నేను అందరికంటే ముందెక్కి దస్తీ వేశాను. ఆమె రాలేదు. వాళ్ళ నాన్నగారి సర్కారు ఉద్యోగం పోయిందనీ, సామాన్లతో రైలెక్కారనీ వాళ్ళ వీధిలో చెప్పారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. నాకు చెప్పకుండా పోదులే అనుకుని రోజూ వేస్తూనే ఉన్నాను. "జాగ ఖాళీ లేదమ్మా, గా బేటీ వస్తది" అని ముసలి కండక్టరు కూడా నాకు వత్తాసు పలికి, ఎక్కినవాళ్ళని వేరేచోట కూర్చోబెట్టేవాడు. ఆ ఖాళీ సీటు పక్కన కూర్చుని వెళ్ళడమంత ఒంటరితనం నేను మళ్ళీ ఎరగను.

చలికాలం వచ్చింది. ఒకరోజు చంకలో పసిబిడ్డతో ఒకామె ఎక్కింది. ఇంకెక్కడా చోటు లేదు. ఈసారి కండక్టరు పరదా అవతల నుంచే మెల్లగా, "ఏం జేద్దాం బేటీ? కూసోమననా?" అని నన్ను అడిగాడు. దస్తీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ బిడ్డ తల్లి కూర్చుంది.

మొన్న బస్సు కదలబోతుండగా ఆ పిల్ల స్నేహితురాలు పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది. నాలుగు తిట్లు తిని, చున్నీ పక్కకి నెట్టి, కిటికీ పక్కన కూలబడింది. చున్నీ పరిచిన పిల్లని చూస్తే నాకు ఎంత అసూయ కలిగిందో! నా పక్కన కిటికీ సీటు ఖాళీగానే ఉంది. కాలం ఎంత ముందుకి జరిగినా, నేను మాత్రం కిటికీ వైపు జరగలేకపోయాను.