బాపు కనిపించాల్సిన టీవీ

ఆ రోజుల్లో మా ఇంట్లో తెలంగాణ రావాలన్న విషయంలో అందరిదీ ఒకటే మాట. ఏ టీవీ కొనాలన్న విషయంలో మాత్రం ఎంతమంది ఉన్నారో అన్ని పార్టీలు. రాష్ట్రం కోసం రోడ్ల మీద లక్షల మంది ఒక్కటై నడుస్తుంటే, జనగామలో మా మూడు గదుల ఇంట్లో నలుగురు మనుషులు ఒక్క టీవీ మీద ఒక్కమాటకు రాలేకపోయారంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం జుట్టు పీక్కున్నాను. నాకప్పుడు భూపాలపల్లిలో బొగ్గు బావుల ఆఫీసులో కొత్తగా గుమాస్తా ఉద్యోగం. సొంత సంపాదనతో ఇంటికి ఒక మంచి వస్తువు కొనాలని, అదీ నేనే చూసి, నేనే ఎంచి కొనాలని నా కోరిక. (ఆ రెండో భాగమే కొంప ముంచింది.)

పాత టీవీ నేను బడిలో ఉన్నప్పుడు కొన్నది. డబ్బాలాంటి బరువైన టీవీ. ముసలితనంలో దానికి చిత్రమైన జబ్బు పట్టింది. పైనా కిందా నల్లగా అయిపోయి, బొమ్మంతా నడుమ బెత్తెడు పట్టీలోకి కుదించుకుపోయింది. అందులో ఎంత పొడుగు మనిషైనా రోట్లో పడ్డట్టు పొట్టిగా, వెడల్పుగా కనిపించేవాడు. ఎట్లాగో దాంతోనే నెట్టుకొస్తుండగా సకల జనుల సమ్మె వచ్చింది. మా బాపు బస్సు కండక్టర్. బస్సులు ఆగిపోయాయి కనుక పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని బస్టాండు ముందర దీక్షా శిబిరానికి పోయేవాడు. ఒకరోజు ఆ శిబిరానికి టీవీ వాళ్లు వచ్చి కెమెరా తిప్పి పోయారట. ఇంటికి రాగానే నాకు ఫోను.

"బిడ్డా, నేను టీవీల వచ్చిన. నినాదాలన్ని నేనే ఇచ్చిన. కెమెరా నా మీదనే ఉండె" అన్నాడు.

"చూసుకున్నవా బాపు?"

"ఏం సూసుకునుడు. మనదాంట్ల ఎవడు ఎవడో ఎర్కవడ్తలేడు. జర మంచి టీవీ తేరాదు."

పక్కింట్లో చూడొచ్చు కదా అన్నాను. "మంది ఇంట్ల కూసోని నన్ను నేనే సూసుకుంట మంచిగుంటదా" అన్నాడు. అదీ నిజమే. పక్కింటి వాళ్లు చూశారట. "వచ్చిండు, మంచిగనే కనవడ్డడు" అని చెప్పి ఎందుకో నవ్వారట. ఆ దృశ్యాన్నే మళ్లీ మళ్లీ వేస్తున్నారని కూడా చెప్పారట. అంటే, సమ్మె అయిపోయేలోపు టీవీ రావాలి. లేకపోతే మా బాపు జీవితంలో ఒక్కసారి టీవీలో కనిపించి, తనకు తాను కనిపించకుండానే పోతాడు.

మా ఆఫీసూ సమ్మెలోనే ఉంది. చేతినిండా తీరిక. అప్పటికి దాచుకున్నదేదో ఉంది. జీతం రాని నెల కనుక అంతకుమించి చూడ్డానికి వీల్లేదు. భూపాలపల్లిలో ఉన్న షాపులన్నీ తిరిగాను, తెలిసిన వాళ్లను అడిగాను. మా గది సైజుకు మరీ పెద్దది పనికిరాదని, పక్క నుంచి చూసినా రంగు మారకూడదని, రిపేరు చేసేవాళ్లు ఊళ్లోనే ఉన్న కంపెనీది తీసుకోవాలని తేల్చుకున్నాను. పల్చటి టీవీలు అప్పుడప్పుడే మా వంటి వాళ్ల అందుబాటులోకి వస్తున్నాయి. అదే కొందామని ఇంటికి ఫోను చేసి చెప్పాను. చెప్పకుండా కొనుక్కొచ్చి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"పల్సటిదైతె దాని మీద ఏం పెడ్తం?" అంది అమ్మ. పాత టీవీ నెత్తి మీద అల్లిక గుడ్డ, దాని మీద తలలాడించే పెళ్లికొడుకు పెళ్లికూతురు బొమ్మలు ఉండేవి. టీవీ అంటే ఆమెకు బొమ్మలు పెట్టుకునే బల్ల, తీరిక ఉన్నప్పుడు ముందు భాగం చూడొచ్చు. నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ ఫోను తీసుకుని, "గంత పల్సగుంటె మనుషులు దాంట్ల ఎట్ల పడ్తరే" అని అడిగింది. హాస్యానికి కాదు, నిజంగానే అడిగింది. బాపు ఒక్కటే అన్నాడు: "సప్పుడు గట్టిగ రావాలె. నినాదాలు ఇనవడాలె." ఇక మిగిలింది మా అక్క భర్త. వాళ్లది మహబూబాబాద్. మా చుట్టాలందరూ ఆయన్ను చాటుగా 'గ్యారంటీ బావ' అంటారు. ఏ వస్తువు గురించైనా "నాది గ్యారంటీ" అనడం ఆయన అలవాటు. (ఆయన గ్యారంటీ ఇచ్చిన ఇస్త్రీ పెట్టె మా అక్క పెళ్లి చీరను కాల్చిన సంగతి ఇక్కడ అప్రస్తుతం.)

"మర్దలా, నువ్వు ఏం పరేషాన్ గాకు. ఈడ మనకు తెల్సిన షాపున్నది. నాది గ్యారంటీ" అన్నాడు.

వరంగల్‌లో కొనుక్కుంటే దగ్గర కదా అని మీరంటారు. నేనూ అన్నాను. "బావను కాదని కొంటె బాగుండదు" అంది అమ్మ. అట్లా నేను, బస్సులు లేని కాలంలో, భూపాలపల్లి నుంచి నర్సంపేట దాకా కిక్కిరిసిన జీపులో, అక్కణ్నుంచి గూడూరు మీదుగా ఆటోలో, ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని మహబూబాబాద్ చేరాను.

షాపులో గోడ నిండా టీవీలు. అన్నిట్లోనూ ఒకే రంగు రంగుల చేపలు ఈదుతున్నాయి. షాపాయన మా బావకు కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు. నేను నిలబడే ఉన్నాను.

"పక్క నుంచి చూస్తే ఇది నల్లబడుతుందే" అన్నాను.

"సార్, మేడమ్‌కు చెప్పుండ్రి, పక్కకెంచి ఎవ్వలు సూస్తరు సార్" అన్నాడు షాపాయన బావతో.

"మా ఇంట్లో నలుగురూ పక్క నుంచే చూస్తారు. గది అట్లా ఉంటుంది. దీనికి జనగామలో రిపేరు చేస్తారా?"

"సార్, గీ కంపెనీకి రిపేరే రాదు సార్" అన్నాడు మళ్లీ బావతోనే.

కొనేది నేను, అడిగేది నేను, జవాబులన్నీ చాయ్ తాగుతున్న మనిషికి. బావ మనసు అప్పటికే ఒక పెద్ద టీవీ మీద పడింది. ఎవరూ పేరు వినని కంపెనీ. దాంతోపాటు ఒక మిక్సీ ఊరికే ఇస్తారట. "ఇంత పెద్దది గంత అగ్గువకు యాడ దొర్కదు మర్దలా. మీద మిక్సీ" అన్నాడు. మా ఇంట్లో మిక్సీ ఉందన్నాను. "మా ఇంట్ల లేదు" అన్నాడు నిష్కల్మషంగా.

అప్పుడు నాకు ఒళ్లు మండి, ఆ చేపలు తీసేసి వార్తలు పెట్టమన్నాను. చేపలు ఏ రంగులో ఉండాలో ఎవరికి తెలుసు, మనిషి మొహం ఏ రంగులో ఉండాలో అందరికీ తెలుసు. వార్తలు పెట్టగానే బావ మెచ్చిన పెద్ద టీవీలో ఉద్యమ నాయకులంతా కామెర్లు వచ్చినట్టు పచ్చగా తేలారు. నేను ఎంచిన చిన్న టీవీలో మనుషులు మనుషుల్లాగే ఉన్నారు. అయినా బావ తగ్గలేదు. "కండ్లు అలవాటు పడ్తయ్" అన్నాడు. నేను ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాను. మా పంచాయితీ ఎంతకూ తెగకపోతే అక్క ఇంటి నుంచి వచ్చి, "అది అడిగింది కొననియ్యుండ్రి. లేకుంటె పండుగ గూడ గీ షాపుల్నే చేస్తది" అంది. అట్లా నా టీవీ నాకు దక్కింది. షాపాయన బిల్లు మీద బావ పేరు రాశాడు.

జనగామకు తీసుకుపోవడానికి రైలే గతి. కాజీపేటలో మారాలి. "నేనొస్త, నాది గ్యారంటీ" అని బావ కూడా బయల్దేరాడు. మేమెక్కిన బండి కాజీపేట ఇంకా రాకముందే ఒక చిన్న స్టేషన్‌లో ఆగిపోయింది. ముందర పట్టాల మీద జనం కూర్చున్నారు. పొయ్యిలు పెట్టి వంటలు మొదలుపెట్టారు. బండి ఇప్పట్లో కదలదని అందరూ దిగారు. ఎక్కే దిగే వాళ్ల తొక్కిడిలో అద్దం పగులుతుందని బావ టీవీ పెట్టెను దింపి ప్లాట్‌ఫారం మీద నీడలో పెట్టాడు. ఆయన్ను కాపలా ఉంచి నేను మంచినీళ్లకు పోయాను.

తిరిగి వచ్చేసరికి నా టీవీ మీద ఒక నాయకుడు కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి. మెడలో గులాబీ కండువా, చేతిలో విస్తరాకు, దాంట్లో పులిహోర. పక్కనే మా బావ, ఆయన చేతిలోనూ పులిహోర.

"బావా, పెట్టె మీద..." అన్నాను.

"పెద్దమనిషి. లెవ్వుమని ఎట్లంటం" అని గుసగుసలాడాడు గ్యారంటీ బావ.

నేనే ముందుకు పోయాను. "అన్నా, జర లేస్తరా. మీరు కూసున్నది టీవీ."

ఆయన ముద్ద ఆపి నన్ను చూశాడు. "ఒక దిక్కు రాష్ట్రం కోసం కొట్లాడుతుంటే, టీవీ ముఖ్యమా చెల్లె?"

"మీ కొట్లాట చూడ్డానికే కొన్నం అన్నా. మా బాపు జనగామ శిబిరంల కూసుంటడు. టీవీల వచ్చిండట. ఆయన్ని ఆయన ఇంకా చూసుకోలే."

ఆ మాట వినగానే ఆయన విస్తరాకుతో సహా లేచి నిలబడ్డాడు. "అరెరె, ముందుగాల చెప్పద్దా" అని తన కండువాతో పెట్టెను తుడిచాడు. పై అట్ట నడుమ కాస్త లోపలికి వంగింది. నా గుండె కూడా. అంతటితో ఆగితే బాగుండేది. "ఏ కంపెనీ? ఎన్ని ఇంచులు? ఎంత పడ్డది?" అని అడిగాడు. చెప్పాను. "అయ్యో, మోసపోయినవు చెల్లె. మా ఊళ్లె నాకు తెల్సిన షాపున్నది, గంతకే ఇంకింత పెద్దది ఇప్పిస్తుంటి" అన్నాడు. బావ మొహం వెలిగిపోయింది. అంతలో చుట్టూ పదిమంది చేరారు. ఒకాయన పల్చటి టీవీలు వానాకాలం తట్టుకోవన్నాడు. ఇంకొకాయన తన బామ్మర్ది ఇదే కొని నెత్తి పట్టుకున్నాడన్నాడు. రైలు ఆపిన వాళ్లు, రైల్లోంచి దిగిన వాళ్లు అన్న తేడా లేకుండా అంతా కలిసి నేను పొరపాటు చేశానని తీర్మానించారు. నాక్కూడా పులిహోర పెట్టారు. కోపంతో తిన్నాను, కాని బాగుంది.

ఎట్టకేలకు బండి కదిలి, మేం జనగామ చేరేసరికి సాయంత్రమైంది. ఇంట్లో అందరూ గుమ్మంలోనే ఉన్నారు. పెట్టె విప్పాం. అద్దం పగల్లేదు. అమ్మ టీవీ నెత్తిని వేలితో తడిమి చూసి, బొమ్మల్ని తీసుకుపోయి బియ్యం డబ్బా మీద పెట్టింది. అవ్వ వెనక వైపుకు పోయి చూసి, "ఏం లేదు దీంట్ల" అంది. బాపు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ముందర కూర్చున్నాడు. నేను ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను.

కరెంటు లేదు.

"ఎట్లుంటది? బొగ్గు తీసుడు మీరు బంద్ పెడ్తిరి" అంది అమ్మ నాతో, నేనొక్కదాన్నే బావి మూసి వచ్చినట్టు. ఆ సమ్మె రోజుల్లో కరెంటు వచ్చేటప్పుడు వార్తలుండవు, వార్తలున్నప్పుడు కరెంటుండదు. మర్నాడు మధ్యాహ్నం, అందరం అన్నాలు తింటుండగా, ఒక్కసారిగా టీవీ మాట్లాడింది. జిల్లా వార్తలు. తెర మీద శిబిరం. టెంటు, బ్యానరు, పిడికిలి ఎత్తి నినాదాలిస్తున్న జనం, అంతా అద్దంలో చూసినంత స్పష్టంగా. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కెమెరా మెల్లగా పక్కకు జరిగి ఒక మనిషి దగ్గర ఆగింది.

మా బాపు. టెంటు కట్టెకు ఒరిగి, నోరు తెరిచి, హాయిగా నిద్రపోతున్నాడు. మూతి మీద వాలిన ఈగ కూడా కనిపించింది.

అవ్వ, "మంచిగ పడ్డవు కొడుకా" అంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు తిరిగాడు. "గింత క్లియర్‌గ ఉన్నది ఎందుకు తెచ్చినవే? మీ బావ చెప్పింది తెస్తే అయిపోతుండె కదా."

అన్ని తిప్పలు పడి తెచ్చినదానికి నాకు దక్కిన మెచ్చుకోలు అది. పచ్చ మొహాల టీవీ అయితే మనిషి నిద్రపోతున్నాడో, నినాదం ఇస్తున్నాడో తెలిసేది కాదట. నినాదాలిచ్చింది కెమెరా రాకముందని, అప్పటిదాకా అరిచీ అరిచీ అలసి అప్పుడే కన్నంటుకుందని ఆయన వాదన. శిబిరంలో వాళ్లను అడిగితే అది నిజమేనన్నారు. ఆ చానల్ వాళ్లకు మాత్రం ఆ దృశ్యం ఎంత నచ్చిందో, సమ్మె మాట వచ్చినప్పుడల్లా అదే వేసేవాళ్లు. బాపు కూడా వేసినప్పుడల్లా విసుక్కుంటూనే, వదలకుండా చూసేవాడు.

తర్వాత కొన్నేళ్లకు లోక్‌సభలో తెలంగాణ బిల్లు ఓటుకు వచ్చిన రోజు నేను సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. ఇంటినిండా మనుషులు. గ్యారంటీ బావా అక్కా కూడా వచ్చారు. కరెంటు ఉంది. ఇంతకాలానికి నేను ఎంచిన టీవీ అసలు పనికి సిద్ధమైందనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఢిల్లీ నుంచి ప్రసారం ఆగిపోయింది. సభ కనిపించడం మానేసింది. బాపు నా వైపే చూశాడు. "నీ టీవీ గిట్ల అయిందేందే." ఆగిపోయింది దేశమంతా అని చెప్పినా ఎవరూ వినలేదు. "నేను ఆనాడే చెప్పిన" అంటూ బావ లేచి వెనక తీగలు కదిపాడు. సరిగ్గా సభ ఎక్కడికి వచ్చిందో తెలియని ఆ సమయంలో నేను ఒక టీవీ తరఫున పదిమందితో వాదిస్తూ నిలబడ్డాను.

అంతలో వీధిలోంచి కేకలు, ఆ వెంటనే పటాకులు. ఎవరో తలుపు కొట్టి "వచ్చిందక్కా" అని అరుచుకుంటూ పోయారు. ఒక్కసారిగా ఇల్లంతా ఖాళీ అయింది. బాపు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. బావ చేతిలో తీగ వదిలేసి ఆయన వెనకే. అవ్వను ఇద్దరు పట్టుకుని నడిపించారు. నేను టీవీ కట్టేసి పోదామని ఒక్క నిమిషం ఆగాను. అప్పుడు దాంట్లో ప్రసారం తిరిగి వచ్చింది, మొహాలు ఎంతో స్పష్టంగా, ఏ మనిషి రంగు ఆ మనిషికి ఉంది. చూసేవాళ్లే లేరు. "చూశారా, మంచిదే కదా" అని ఆ ఖాళీ గదిలో, ఎవరితోనో తెలియదు, గట్టిగానే అన్నాను. అప్పుడు కూడా గెలవాలనుకున్న ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది. వీధిలోకి వచ్చేసరికి నా మొహం నిండా ఎవరో గులాల్ పూశారు.