చింతపండుతో తోమిన తాబేళ్లు

చింతపండు పెట్టి ఇత్తడి చెంబు తోముకోండి, ఎవరూ వద్దనరు. తాబేలును తోముతారా ఎవరైనా? మా నవాగామ్‌కు వలసొచ్చిన తెలుగు నేతవాళ్ల గుడి కమిటీ తోమింది. ఇది రాస్తుంటే నా కోపానికి ఇప్పటికీ కాగితం చిరుగుతోంది. కాగితం కూడా కొంత పల్చనిదే అనుకోండి.

మా వైపు ఒక చెరువు, పాండేసర బట్టల మిల్లుల వెనక ఒక చెరువు. ఒకప్పుడు రెండూ ఒకటేనట. నడుమ రోడ్డు, గోడలు పడ్డాయి. అటు తాబేలు ఇటు రాదు, ఇటుది అటు పోదు. రైల్వే ఉద్యోగి కూతురొకమ్మాయి కాలేజీలో వీటి మీదే పరిశోధన చేస్తోంది. మిల్లుల వెనకవాటి డిప్ప పళ్లెంలా పరుచుకుంటోందని, మావాటిది బోర్లించిన గిన్నెలా లేస్తోందని కొలిచి చెప్పింది. మావాటి డిప్ప హెల్మెట్ అంత ఎత్తని నేను బస్తీ అంతా చెప్పుకొచ్చాను. నిజానికి తేడా వేలి మందం కూడా ఉండదు. కానీ ఉంది.

"ఎందుకట్ల మారినయి బిడ్డా?"

"అదే తెలియదు తాతగారూ. తిండో, నీళ్లో, తరాలుగా విడిగా ఉండడమో. తేలేదాకా అవి కలవకూడదు."

ఈ ఎండాకాలం రెండు చెరువుల్లోనూ పూడిక తీస్తుంటే, ఆ అమ్మాయి అనుమతి తెచ్చుకుని తాబేళ్లను పట్టించి, గుడి వెనక రెండు తొట్లలో పెట్టింది. పాండేసరవాటి డిప్ప మీద ఎర్ర గోళ్లరంగు చుక్క, మావాటి మీద నీలం.

అంతలో కూర్మ జయంతి వచ్చింది. కమిటీవాళ్లకు భక్తి పొంగింది. అన్నిటినీ ఒకే గంగాళంలో వేశారు. దేవుడి వీపు మీద ఈ మరకలేందని చింతపండు, కొబ్బరిపీచు పెట్టి తోమారు. పోనిచోట బ్లేడుతో గీకారు. పసుపు, కుంకుమ అద్దారు.

నేను వెళ్లేసరికి హారతి ఇస్తున్నారు. అధ్యక్షుణ్ణి కాలర్ పట్టి గోడకు ఆనించాను. లేదు, అబద్ధం. వాడి కండువా కొస దొరికింది, అదీ జారిపోయింది.

"ఏంది పెద్దయ్యా, గంత గుస్సా? తాబేలు తాబేలే గదా. ఏదో ఒక చెరువుల ఇడుస్తం."

"నీ మగ్గం మీది చీరలు, పక్కోని చీరలు కలిపి కుప్పేస్త. చీర చీరే గదా, ఊకుంటవా?"

"చీరకు సేఠ్ ఉన్నడు. అడుగుతడు."

"వీటికి ఆ కొలిచే పిల్ల ఉన్నది. అడుగుతది!"

కబురు విని వచ్చిన ఆ అమ్మాయి గంగాళం పక్కనే కూర్చుంది. పసుపు కడిగి ఒక్కొక్కదాన్నే మళ్లీ కొలిచింది. పళ్లెం డిప్పలు ఒక తొట్టిలోకి, గిన్నె డిప్పలు ఇంకో తొట్టిలోకి వెళ్లాయి. అటూ ఇటూ కానివి కొన్ని గంగాళంలోనే మిగిలాయి.

"జర అందాజుగ ఏసెయ్యమ్మా," అన్నాడు అధ్యక్షుడు.

"అందాజుగా వేస్తే, రేపు నేను కొలిచేది చెరువును కాదంకుల్. మీ అందాజును."

పూడిక పని అయ్యాక, ఏ చెరువువో తేలినవి తమ తమ చెరువులకు వెళ్లాయి. తేలనివాటిని కాలేజీ తొట్టికి తీసుకెళ్లడానికి వ్యాన్ వచ్చింది. ఇక వాటికి చెరువు లేదు. ఆ అమ్మాయి లెక్కలోకీ రావు. వ్యాన్ కదులుతుంటే అధ్యక్షుడు కళ్లు మూసుకుని తాబేళ్లకు దండం పెట్టాడు.

"వాటికి గాదు, ఆ పిల్లకు పెట్టు," అన్నాను.

పెట్టలేదు. వాడితో నేను మాట్లాడడం లేదు.