నా చెయ్యి మంచిది కాదట

"పోనీలే" అన్న మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మా ఆయన నోట్లో ఆ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కరెంటు పోతే పోనీలే, బస్సు తప్పిపోతే పోనీలే. నా మిరప నారంతా కుళ్ళిపోయి, షేడ్‌నెట్ కింద కూలబడి నేను ఏడుస్తుంటే కూడా ఆయన వెనకాల నిలబడి అదే మాట అన్నారు. ఆ రోజు నా చేతిలో ఉన్నది ఖాళీ ట్రే కాబట్టి సరిపోయింది, ఏ గడ్డపారో అయ్యుంటే ఏం జరిగేదో చెప్పలేను.

మార్టూరు మాకు దగ్గరే. ట్రాక్టరు మీద పొద్దున పోతే మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు. మా ఊరు చుట్టూ పత్తి, మిరప తప్ప మరో పైరు కనబడదు. ఇంత మిరప వేసే ఊళ్ళో నారు పెంచేవాళ్ళు లేరు. రైతులు విత్తనాల ప్యాకెట్లు పట్టుకుని ఎక్కడో దూరాన ఉన్న నర్సరీలకు పోయి, అక్కడ ఇచ్చి, నెలన్నర తర్వాత మళ్ళీ పోయి నారు తెచ్చుకునేవాళ్ళు. ఆ పని మన ఇంటి వెనక దొడ్లోనే ఎందుకు చేయకూడదని నాకు తోచింది. డిగ్రీ మధ్యలో ఆపేసి పెళ్ళి చేసుకుని వచ్చినదాన్ని. పొలం పని, వంట పని, పిల్లల పని, అన్నీ చేశాను. కానీ ఫలానా ఆవిడ పెంచిన నారు అని నా పేరు మీద ఒక్కటి ఉండాలని ఉండేది. నాకున్న ఆశ అదొక్కటే. పెద్దదేం కాదు.

ఆ ఆశ పుట్టడానికి కారణం కూడా చెప్పాలి. మా వైపు నారు పోసేటప్పుడు మొదటి గింజ ఎవరుపడితే వాళ్ళు పెట్టరు. చెయ్యి మంచిదని పేరున్న ఆడమనిషిని పిలిచి, పసుపు కుంకుమ చల్లి, ఆవిడ చేత పెట్టిస్తారు. తాంబూలం, జాకెట్ ముక్క ఇచ్చి పంపిస్తారు. పుట్టింట్లో ఉన్నప్పుడు ఆ పిలుపులన్నీ నాకే వచ్చేవి. "అమ్మాయి చెయ్యి చలవ, గింజ పెడితే మొలవాల్సిందే" అనేవాళ్ళు. అప్పుడు ఆ మాట మీద నాకు కోపమేమీ రాలేదు. పైగా గాల్లో తేలిపోయేదాన్ని. పొగిడినంత కాలం ఎవరికైనా తియ్యగానే ఉంటుంది.

సరే, దొడ్లో ఎండ తగలకుండా పైన వల పరిచి షేడ్‌నెట్ కట్టించాం. గళ్ళ ట్రేలు తెచ్చాం. వాటి నిండా కొబ్బరిపొట్టు నింపి, గడికో గింజ పెట్టాలి. తెలిసిన రైతులు నమ్మి ప్యాకెట్లు తెచ్చిచ్చారు. మొదటి గింజ నేనే పెట్టాను. ఇంకెవరు పెట్టాలి మరి? కలుపు రాకుండా నేల మీద నల్ల పట్టా పరిచి, దాని మీద ట్రేలన్నీ వరసగా పేర్చాను. చివర్లో పట్టా చాలలేదు. మిగిలిన ట్రేలు కొన్నిటిని మూలన పడున్న పాత ఇటుకల మీద పెట్టాను. అంతకుమించి వాటి గురించి ఆలోచించలేదు.

మొలకలు చక్కగా వచ్చాయి. రెండాకులు విప్పాయి. అంతలో వాయుగుండం పట్టింది. వాన వదలకుండా కొట్టింది. తెరిపిచ్చాక వెళ్ళి చూస్తే, నారంతా కాడ మొదట్లో మెత్తబడి పక్కకి ఒరిగిపోయి ఉంది. పట్టుకుంటే చేతిలోకి ఊడొస్తోంది. పట్టా మీద నీళ్ళు ఎటూ పోయే దారిలేక ట్రేల కిందే నిలిచి ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకున్నాక అప్పుడు కనబడింది నాకు. మూలన ఇటుకల మీద పెట్టిన ట్రేల్లో ఒక్క మొక్క కూడా ఒరగలేదు. పచ్చగా, నిటారుగా ఉన్నాయి.

పరిగెత్తుకుంటూ పోయి మా అత్తయ్యని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"చూడండత్తయ్యా! ఇవి ఎత్తు మీద ఉన్నాయి, బతికాయి. అవి నీళ్ళలో ఉన్నాయి, పోయాయి. అంతే!"

మా అత్తయ్య అటూ ఇటూ చూసి గట్టిగా నిట్టూర్చింది. "ఏం చేస్తాం అమ్మాయ్. నీ చెయ్యి అచ్చిరాలేదు."

"ఈ ట్రేల్లో గింజలు పెట్టింది కూడా నా చెయ్యేగా అత్తయ్యా! మరివెట్టా బతికాయి?"

"వాటి మీదన్నా ఆ దేవుడు దయ చూపించాడులే" అని చెంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి పోయింది.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఎదురుగా కనబడుతోంది. వేలు పెట్టి చూపిస్తున్నాను. అయినా చూడరు. రైతులకు పోయిన విత్తనాలకు బదులు మళ్ళీ కొని తెచ్చిచ్చాం. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అదింకా నరకం. "పాపం" అన్నారు. "నీ రాత అట్టా ఉంది తల్లీ" అన్నారు. ఒకావిడ నా పక్కన కూర్చుని, నీకు పెళ్ళయ్యాక చెయ్యి మారిపోయి ఉంటుంది అని వివరంగా చెప్పింది. ఇంకో ఆవిడ షేడ్‌నెట్ వాకిలి ఏ దిక్కున ఉందో చూసి తల అడ్డంగా ఊపింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను చూశారు, నా జాతకం చూశారు, నా వాకిలి చూశారు. ట్రేల కింద నిలిచిన నీళ్ళని చూసినవాళ్ళు ఒక్కరు లేరు.

నల్ల తామర పురుగు పడి ఊరంతా మిరప మాడిపోయిన ఏడు ఇదే ఊళ్ళో ఏ మగాడి చెయ్యీ చెడ్డది కాలేదు. పురుగు చెడ్డదైంది. మా ఆయన వేయించిన బోర్లు ఎండిపోతే భూమిలో నీళ్ళు లేవన్నారు. నా నారు పోతే మాత్రం నా చెయ్యి పోయింది! ఈ మాట ఒకరోజు అన్నం వడ్డిస్తూ మా ఆయనతో అనేశాను.

"నిజమేనే" అన్నారాయన. అని, "పోనీలే, పప్పు వెయ్యి" అన్నారు.

తర్వాతి ఏడు కాలం రాకముందే నేను పని మొదలుపెట్టాను. మార్టూరులో రాయి పాలిష్ చేసే చోట అంచులు కోసేసిన గ్రానైట్ ముక్కలు గుట్టలుగా పారేసి ఉంటాయి. పొడుగ్గా, సన్నగా ఉంటాయి. మా ఆయన వాటిని ట్రాక్టరు మీద తోలుకొచ్చారు. ఆయన్ని ఎంత తిట్టుకున్నా ఈ మాట చెప్పుకోవాలి, రాళ్ళు దించేటప్పుడు చెయ్యి నలిగినా కిక్కురుమనలేదు. సిమెంటు ఇటుకలు నిలబెట్టి, వాటి మీద ఆ రాతి పలకలు పరిచి, నీళ్ళు ఒక పక్కకి జారిపోయేలా వాలు పెట్టాం. మోకాలెత్తున బల్లలు తయారయ్యాయి. ఎంత వాన పడ్డా చుక్క నిలవదు. నేనే బిందెలతో నీళ్ళు పోసి చూసుకున్నాను.

రైతుల దగ్గరికి పోయి, ఫోన్లో ఫొటోలు చూపించి, మళ్ళీ విత్తనాలు ఇమ్మని అడిగాను. ఫొటోలు తిప్పి తిప్పి చూశారు. అందరి తరఫునా ఊళ్ళో నేను పెదమావయ్యా అని పిలిచే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఇస్తాంలే అమ్మాయ్. నీ కష్టం మాకు తెలీదా ఏంది. కాకపోతే మొదటి గింజ మాత్రం వేరే వాళ్ళ చేత పెట్టించు."

"బల్లలు కట్టించాను కదా పెదమావయ్యా!"

"బల్లలు బాగానే ఉన్నాయమ్మా. బల్లలకేం. చెయ్యి సంగతి నేను చెప్పేది."

పళ్ళు నూరుకున్నాను. కాదంటే ప్యాకెట్లు రావు. ఔనంటే నా మీద పడ్డ మాటకి నేనే ముద్ర వేసినట్టు. చివరికి ఔనన్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

వాళ్ళు చెప్పిన మంచి చెయ్యి మా ఎదురింటి వదినది. పరుపులు, దిండ్లు కుట్టే సాయిబు గారి భార్య. నేనావిడని వదినా అంటాను, ఆవిడా నన్ను వదినా అనే పిలుస్తుంది. వాళ్ళ గుమ్మం పక్కన బీరపాదు ఎండాకాలంలో కూడా కాస్తుంది. ఇంటిల్లిపాదీ కాళ్ళూ చేతులూ కడుక్కున్న నీళ్ళన్నీ ఆ పాదులోకే పోతాయి, కాయక ఏం చేస్తుంది? కానీ ఊరికి అది వదిన చేతి చలవ. వదిన నవ్వుకుంటూ వచ్చి గింజ పెట్టింది. నేను తాంబూలం, జాకెట్ ముక్క ఇచ్చాను. మొహం మాడ్చుకుని ఇచ్చానేమో, "నామీద కోపమా వదినా?" అని అడిగింది. "నీ మీద ఎందుకమ్మా, నా ఖర్మ మీద" అన్నాను.

ఆ ఏడు కూడా వానలు పడ్డాయి. నారు చెక్కుచెదరలేదు. రైతులు వచ్చి మొక్కల్ని చేత్తో నిమిరి, వేర్లు చూసి, మురిసిపోయారు. నేను బల్లల పక్కన నిలబడి ఉన్నాను, ఇప్పుడైనా ఒక్క మాట అంటారేమోనని. పెదమావయ్య నోరారా నవ్వాడు.

"చూశావా అమ్మాయ్! చెయ్యంటే అదీ!"

వదినని ఆకాశానికెత్తేశారు. పక్క ఊళ్ళ నుంచి కూడా బండ్లు వేసుకొచ్చి ఆవిడని పిల్చుకుపోవడం మొదలైంది. ఆవిడకే సిగ్గుగా ఉండేది. "నాకేం తెలుసు వదినా, ఆ గింజ ఏ పక్కకి పెట్టానో కూడా చూసుకోలేదు" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నవ్వు అయిపోయాక నాకు మాత్రం లోపల ఎక్కడో మండుతూనే ఉండేది.

ఈ ఏడు ఏమైందంటే, పక్క ఊళ్ళో ఎవరో పల్లపు నేలలో మడి కట్టి, వదిన చేత మొదటి గింజ పెట్టించుకున్నారు. వాన వచ్చింది, మడి నిండా నీళ్ళు నిలిచాయి, నారు కుళ్ళింది. కుళ్ళక? ఆ కబురు వాట్సాప్‌లో వదిన ఇంటికి చేరేలోపే ఊరంతా తిరిగేసింది. పాపం, ఆ చెయ్యి కూడా పోయింది అన్నారు.

సరిగ్గా అప్పుడే నా దగ్గర నారు పోసే రోజు వచ్చింది. రైతులు ప్యాకెట్లు తెచ్చి, ఇంకెవర్నన్నా చూడమన్నారు. ఈసారి నా నోరు ఆగలేదు.

"ఎవర్ని చూడమంటారు? ఊళ్ళో ఉన్న ఆడోళ్ళ చేతులన్నీ ఒక్కోటే పాడు చేసుకుంటా పోతారా? నీళ్ళు నిలిస్తే కుళ్ళుద్ది పెదమావయ్యా! దేవుడు దిగొచ్చి గింజ పెట్టినా కుళ్ళుద్ది! వదినే పెడుతుంది. ఇష్టమైతే ఉంచండి, లేకపోతే మీ ప్యాకెట్లు మీరు తీసుకుపోండి!"

కొందరు నిజంగానే తీసుకుపోయారు. మా అత్తయ్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పెదమావయ్య మాత్రం ప్యాకెట్లు పెట్టిన చోటే ఉంచి, అరుగు మీద కూర్చున్నాడు. నా మీద నమ్మకంతోనో, దూరం పోయే ఓపిక లేకో, నేను అడగలేదు.

రోడ్డు దాటి వదిన ఇంటికి పోయి రమ్మన్నాను. వచ్చింది కానీ ట్రే ముందు కూర్చోలేదు. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది.

"వద్దు వదినా. నీ నారు పాడైపోద్ది."

ఆ మాట వాళ్ళూ వీళ్ళూ అంటే నాకు కోపం వచ్చేది. వదినే అనేసరికి కోపం కూడా రాలేదు. కిందటేడు తన చేతి చలవ గురించి నాతో కలిసి నవ్విన మనిషి. ఇప్పుడు బీరపాదుకి కూడా నీళ్ళు పొయ్యడం మానేసిందట, కోడలి చేత పోయిస్తోందట.

"సరే, నువ్వు కూర్చో. నేనే పెడతా" అన్నాను విసురుగా.

ట్రే ముందు కూర్చుని గింజ వేళ్ళతో తీసుకున్నాను. గడి మీదికి చెయ్యి చాపాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇటుకలు చూశాను, పలకలు పరిచాను, వాలు పెట్టాను, ఇప్పుడే అందర్నీ దులిపేసి వచ్చాను. అంతా తెలుసు. తెలిసి కూడా నా వేలు కిందికి దిగనంది. పోతే ఎట్టా? ఈసారి కూడా పోతే? నా మీద నాకే అసహ్యమేసింది.

వదిన నా చేతి వంకే చూస్తోంది. చూసి చూసి నా పక్కన చతికిలబడింది. కొంగు కింద నుంచి చెయ్యి తీసి నా మణికట్టు పట్టుకుని కిందికి నొక్కింది. గింజ కొబ్బరిపొట్టులో పడింది.

"పోతే ఇద్దరిదీ పోద్ది" అంది.

నారు పోలేదు. ఈ మాటలు రాస్తున్నప్పుడు బయట వాన పడుతోంది, పలకల మీద నుంచి నీళ్ళు జారిపోతున్నాయి. మొక్కలు నాలుగాకులు వేసుకుని నిటారుగా ఉన్నాయి. పెదమావయ్య పొద్దున వచ్చి చూసిపోయాడు. పైన ఉన్నది ఎవరి చెయ్యి, కింద ఉన్నది ఎవరి చెయ్యి అని అడిగాడు. ఇప్పుడు ఊళ్ళో రెండు పక్షాలయ్యాయట. నా చేతికి మళ్ళీ చలవ వచ్చిందని కొందరు, కాదు, వదిన చెయ్యే పైన ఉంది కాబట్టి ఆవిడదే మహిమని కొందరు. రాతి పలకల ఊసు ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

వాళ్ళ గొడవ వాళ్ళది. నాకు ఒళ్ళు మండేది అది కాదు. మొన్న ఇంకో దఫా నారు పోశాను. అరుగు మీద పెదమావయ్య లేడు, అత్తయ్య లేదు, ఎవరూ లేరు, నేనూ ట్రేలూ అంతే. మొదటి గింజ దగ్గర నా వేలు మళ్ళీ ఆగింది.