రేపల్లె కిడ్

మొన్న జూలై నాలుగున, ఇక్కడి స్వాతంత్ర్య దినం నాడు, మా శాన్ రామన్ వీధిలో ఎవరి పిల్లలో దొంగచాటుగా టపాసులు కాల్చారు. ఆ మందు వాసన కిటికీలోంచి వచ్చేసరికి వీధి వీధంతా దేశభక్తితో పొంగిపోయింది. నాకు మాత్రం పాత మంట రేగింది. ఎనభైల మధ్యలో, ఒక శనివారం మధ్యాహ్నం, అదే వాసన మధ్య శామ్యూల్ గారి టోపీ పట్టుకుని నిలబడ్డాను. అది టోపీ కాదు, చిన్నపాటి పందిరి. దాని కింద ముగ్గురు పెళ్ళివారు భోంచేయవచ్చు.

శామ్యూల్ గారు ఫ్రీమాంట్‌లో నా మొదటి బాస్. పుట్టింది రేపల్లెలో. ఆదివారం తెలుగు చర్చికి పెద్ద, మిగతా రోజుల్లో మా మెషిన్ షాపుకి యముడు. నేల మీద స్క్రూ పడిందంటే, అది దొరికేదాకా భూమి కూడా తిరగడం ఆపుకోవాలి. పడింది యంత్రంలోకి వెళితే లక్షల సరుకు నాశనమని ఆయన భయం. "ఏమయ్యా మూర్తీ, కనపళ్ళేదా? మీ ఇంట్లో మెతుకు కింద పడితే తొక్కుకుంటా పోతారా?" అని అరిచేవారు. ఆ అరుపులకి వంగిన నా నడుము ఇప్పటికీ పూర్తిగా లేవలేదు.

ఆయనకి కౌబాయ్ పిచ్చి ఎవరు అంటించారో తెలియదు. ఊరి బయట కొండల్లో ఒక క్లబ్బు ఉండేది. ఇళ్ళు అమ్మేవాళ్ళు, పళ్ళు పీకేవాళ్ళు శనివారం కాగానే నూరేళ్ళనాటి బట్టలు తొడుక్కుని, మారుపేర్లు పెట్టుకుని, నూరేళ్ళనాటి తుపాకులతో ఇనుప పలకలు పడగొట్టేవారు. ఎవరు తొందరగా పడగొడితే వాళ్ళు గెలిచినట్టు. యాభై దాటిన మా బాస్, తెల్లమీసాలతో, తనకు తాను పెట్టుకున్న పేరు 'రేపల్లె కిడ్'. చేతిలో తాకట్టు షాపులో కొన్న లెవర్ షాట్‌గన్. నాగలంత బరువు. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న లెవర్‌ని ముందుకి తోస్తే తుపాకీ పైన నోరు తెరుస్తుంది, వెనక్కి లాగితే మూసుకుంటుంది. ఆట మొదలయ్యేటప్పుడు తుపాకీ ఖాళీగా ఉండాలి. గడియారం నడుస్తుండగానే తూటాలు నింపుకోవాలి. ఒక్కొక్క తూటా దూర్చుకుంటూ అందరూ ఆపసోపాలు పడుతుంటే, ఈయన నడుము పట్టీలోంచి రెండేసి లాగి ఒక్క విసురుతో దాని నోట్లో వేసేవారు. నాకూ నేర్పబోయారు. "చేతిని చూడకయ్యా. చెయ్యి నీదేగా, యాడికి పోద్ది? పలకని చూడు." చూశాను. కాల్చాను. నా భుజం పక్క కౌంటీలో దొరికింది.

ఆ క్లబ్బులో ఆయన మూడేళ్ళుగా గెస్టు. అందరి తుపాకులూ ఆయనే బాగుచేసేవారు, మెంబర్‌షిప్ మాత్రం ఇవ్వలేదు. "ఈ దేశం నన్ను పౌరుణ్ణి చేసుకుంది. ఈ ముప్ఫైమందే ఇంకా ఆలోచిస్తున్నారు," అని నవ్వేవారు గాని, ఆ నవ్వు మీసం దాటి పైకి వెళ్ళేది కాదు. చివరికి క్లబ్ ప్రెసిడెంటే అన్నాడు: వార్షిక పోటీ సేఫ్టీ తప్పు లేకుండా ముగిస్తే ఆ సాయంత్రమే ఓటు పెడతామని. ఆ ప్రెసిడెంటుని అందరూ మార్షల్ అనేవారు. ఇళ్ళ బ్రోకరు. ఆయన బొజ్జ ముందుగా వస్తే, ఆయన కాస్త ఆలస్యంగా వచ్చేవాడు.

పోటీ రోజున కిడ్ మెరుపులా మొదలుపెట్టాడు. రెండు పలకలు, మరో రెండు పలకలు. అయిదో తూటా వేళ్ళలోంచి జారి బూటు పక్కన పడింది. దాన్ని వదిలేసి పట్టీలోంచి ఇంకోటి తీసుకోవాలి, అదీ రూలు. కానీ ముప్ఫై ఏళ్ళు పడిన స్క్రూలు ఏరిన నడుము అడగకుండానే వంగింది. నడుముతోపాటు తుపాకీ గొట్టం కూడా జనం వైపు తిరిగింది. "స్టాప్!" అని కేక. గొట్టం మనిషి వైపు తిరిగితే ఆట అయిపోయినట్టే. తుపాకీ ఖాళీ చేసి వచ్చి, "వాళ్ళు కరెక్టేనయ్యా. తప్పు నాదే," అన్నారు. నేను టోపీ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆట నుంచి తీసేశారు గదా, ఖాళీగా ఎందుకని ఆయన్ని ముగ్గురు పరిశీలకుల్లో ఒకరిగా నిలబెట్టారు. తప్పు కనిపిస్తే చెయ్యెత్తడం వాళ్ళ పని. మార్షల్ వంతు వచ్చింది. మధ్యలో ఆయన లెవర్ ఇరుక్కుపోయింది. లోపల తూటా ఉన్న ఆ తుపాకీతో ఆయన పూర్తిగా వెనక్కి తిరిగి, "చూశారా, ముసలిది మొండికేసింది!" అని పళ్ళికిలించాడు. గొట్టం సరిగ్గా నా బొడ్డుకి ఎదురుగా ఉంది. మనిషికి బొడ్డు ఎందుకుందో నాకు ఆ క్షణంలో తెలిసింది. జనం ఘొల్లున నవ్వారు. ఒక పరిశీలకుడు ఆకాశంలో గద్దల్ని లెక్కపెట్టాడు. రెండోవాడు తన బూటు లేసుని తనివితీరా చూసుకున్నాడు. శామ్యూల్ గారు చెయ్యెత్తారు.

"కమాన్, సామ్," అన్నాడు మార్షల్, నవ్వు చెరగకుండానే. "నీ మనసు బాగాలేదు, అర్థం చేసుకోగలను. ఇది సరదా ఆట."

"నన్ను తీసింది సరదాకి కాదు గదండీ," అన్నారు ఈయన ఇంగ్లీషులో, అచ్చం రేపల్లె యాసతో. చెయ్యి దించలేదు.

ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు. కప్పు మార్షల్‌కే వెళ్ళింది. సాయంత్రం ఓటింగ్‌లో రేపల్లె కిడ్‌కి మెంబర్‌షిప్ నిరాకరించారు. కారణం వంగినందుకు కాదట. ఆయనలో 'ఆట స్ఫూర్తి' లేదట.

తరువాతి వారం మార్షల్ ఇరుక్కున్న ఆ తుపాకీని మా షాపుకి పంపించాడు, బాగుచేసి పెట్టమని. నేనైతే ఇంకో నాలుగుచోట్ల ఇరికించి పంపేవాణ్ణి. శామ్యూల్ గారు లెవర్ విప్పి, అరిగిన ముక్క స్థానంలో కొత్తది కోసి, నూనె పెట్టి, వెన్నలా జారేట్టు చేశారు.

"ఎందుకండీ మీకీ ఖర్మ?" అన్నాను.

"తుపాకీ ఏం చేసిందయ్యా పాపం? పో, ఇచ్చిరా."

ఇచ్చాను. "సామ్ చాలా మంచివాడు. గెస్టుగా ఎప్పుడైనా రావచ్చని చెప్పు," అన్నాడు మార్షల్. వచ్చి చెప్పాను. శామ్యూల్ గారు చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నారు, నూనె ఎప్పుడో పోయినా. ఆ తరువాత ఆ కొండల వైపు వెళ్ళలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు ఆయన అప్పటి వయసుని నేనూ దాటేశాను. ఆఫీసు మీటింగుల్లో, మా తెలుగువాళ్ళ కమిటీల్లో, పెద్దవాడి తప్పు కళ్ళెదుట జరిగి అందరూ బూట్లు చూసుకుంటున్నప్పుడు, నా చెయ్యి నన్నడగకుండానే లేస్తుంది. లేచిన ప్రతిసారీ ఓడిపోయాను. ఆ చెయ్యి ఆయనిచ్చిందే. కానీ ఓడిపోయి వచ్చాక, అవతలివాడి తుపాకీ ముందు పెట్టుకుని నూనె రాసే ఓపిక మాత్రం ఆయన నాకు ఇవ్వలేదు. నా దగ్గరున్నది, ఆయన ఆ గుడ్డతో తుడిచి తుడిచి వదిలించుకోవాలని చూసిన కోపం.