ఆరో గది గోడలోంచి గాలి

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను మా ఇంట్లో కూర్చోనిచ్చేవాళ్ళం కాదు. నేనూ అలాగే పెరిగాను. అందుకే ఇది రాయడానికి రెండేళ్ళు పట్టింది.

ఖాజాగూడలో మాకు మిగిలింది ఒక్కటే, చదువుకునే పిల్లల కోసం తాతగారు కట్టించిన హాస్టల్. చుట్టూ ఉన్న భూమంతా నాన్నగారి హయాంలోనే పోయింది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్ళిపోతాను.

బాగు చేయించడానికి ఒక ఆర్కిటెక్టమ్మాయిని పిలిచి, గోడలు కదపకూడదని ముందే చెప్పాను. సున్నం, తలుపులకు నూనె, నేలకు అవే పాత షాబాదు బండలు. అన్నిటికీ ఒప్పుకుని, కింది ఆరో గదిలో ఆగిపోయింది.

"గాలి లేదండీ. ఇందులో పిల్లల్ని ఉంచకూడదు. వెనక భాగం కూల్చాల్సిందే."

అది కూలిస్తే మాకు మిగిలేది సగమే.

ఆ గదిలో ఉండే శ్రీకాంత్, నల్గొండ నుంచి వచ్చి ఎమ్మెస్సీ చదువుతున్న కుర్రాడు, నవ్వాడు. "జర ఈ గోడ దిక్కు తలపెట్టి పండుకోండి మేడమ్. దీని ముందర ఏసీ గూడ పనికిరాదు. మా సీనియర్లు గూడ గిట్లనే పండుకునేటోళ్లు."

కిటికీ లేని గోడ అది. చెయ్యి పెట్టి చూశాను. మిట్టమధ్యాహ్నం, వేళ్ళ సందుల్లోంచి చల్లటి గాలి.

బీట ఉందేమోనని మా పాత మేస్త్రీ యాదయ్యతో పూత గీకించాను. బీట లేదు. పాత కిటికీ చట్రం, దాన్నిండా ఇటుకలు.

యాదయ్య తాపీ కింద పెట్టాడు. "ఇవి నేను పెట్టినయే అయ్యా. అటు దిక్కు తోట అమ్మిన దినం మీ నాయన మూపిచ్చిండు. పరాయోళ్ల పాలైన చెట్లు కండ్ల వడొద్దన్నడు."

నాన్నగారు ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

ఇటుకలు తీయించాను. అవతల చెయ్యి చాపితే తగిలే దూరంలో, తోట ఉన్న చోట లేచిన టవర్ గోడ. మధ్య సందును రెండు పక్కలా, పైనా సిమెంటుతో మూసేశారు. ఆ అమ్మాయి అగరుబత్తి వెలిగించి చట్రం దగ్గర పట్టుకుంది. పొగ గదిలోకి వంగింది. తర్వాత పండిన సీతాఫలాల వాసన. అది మే నెల, ఆ పళ్ళ కాలం కాదు.

"మన తోటే అయ్యా," అన్నాడు యాదయ్య.

"చెప్తిని గద మేడమ్," అన్నాడు శ్రీకాంత్.

ఆమె ప్లాను మీద 'కూల్చాలి' అన్న మాట కొట్టేసింది.

పిల్లల మంచాల మీద నేనెప్పుడూ కూర్చోను. ఆ రోజు శ్రీకాంత్ పుస్తకాలు జరిపి చోటిచ్చాడు. కూర్చున్నాను. చాలాసేపు లేవలేదు.

గాలి ఇప్పటికీ వస్తోంది. ఎటు నుంచో ఇద్దరు ఇంజనీర్లు చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. ఆ కిటికీకి తలుపు రెక్కలు మాత్రం పెట్టించలేదు.