సుగుణ ఆంటీ వాకిట్లో మంచు

ఈ ఉదయం మంచు ఎత్తిపోసే మిషన్, స్నో బ్లోయర్ మోతకు మెలకువ వచ్చింది. పెట్రోలు వాసన కిటికీ సందులోంచి గదిలోకి వచ్చేసింది. లేచి చూద్దును కదా, పక్కింటి వాల్టర్ తన వాకిట్లోని మంచునంతా ఎత్తి నా కారు ముందు పోస్తున్నాడు. ఎన్నడూ లేనిది! ఇన్నేళ్లూ ఆ కుప్ప పడింది అతనికి అవతలి పక్క, సుగుణ ఆంటీ వాకిట్లో. ఆంటీ మొన్న వేసవిలో పోయారు. కోపం తెచ్చుకోవాలో, ఏడవాలో తెలియక, కాఫీ కూడా కలుపుకోకుండా కిటికీ దగ్గరే నిలబడిపోయాను.

కెనడా వచ్చి, బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ అద్దె బతుకు చాలనిపించి, గ్వెల్ఫ్ పట్నం దాటాక వచ్చే ఈ చిన్న ఊళ్లో ఇల్లు కొనుక్కున్నాను. ఇక్కడికి అంబులెన్స్ పట్నం నుంచి రావాలి. అది వచ్చేలోగా ప్రాణం నిలబెట్టే పని ఊళ్లోని వాలంటీర్లది. గ్వెల్ఫ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన సుగుణ ఆంటీ వాళ్లలో ఒకరు. నడుముకు ఎవరికి ఆపద వచ్చినా మోగే పేజర్, గుమ్మం పక్కన మందుల ఎర్ర సంచి ఎప్పుడూ ఉండేవి. నేను దిగిన కొత్తలోనే గోంగూర పచ్చడి సీసాతో వచ్చి, నన్ను ఎగాదిగా చూశారు.

“కారు నడపడం వచ్చా?”

“వచ్చండీ.”

“భయమేస్తే అరవకుండా ఉండగలవా?”

“తెలీదండీ.”

“నిజం చెప్పావు. మంగళవారం ట్రైనింగుకి వచ్చెయ్.”

ల్యాప్‌టాప్ ముందు తప్ప నాకెక్కడా ధైర్యం ఉండేది కాదు. అలాంటి నన్ను షుగర్ పడిపోయిన రైతుల ఇళ్లకూ, నిచ్చెన మీంచి జారిన ముసలాళ్ల ఇళ్లకూ వెంటబెట్టుకుని తిప్పారు. ఏ ఇంటికి వెళ్లినా ఆమె మోకాళ్ల మీద కూర్చుని ముందు తన పేరు చెప్పేవారు, ఆ ఇంటివాళ్లకు ఆ పేరు పాతికేళ్లుగా తెలిసినా సరే. “భయంలో ఉన్న మనిషికి అందరూ కొత్తవాళ్లే అమ్మాయ్” అనేవారు.

ఇంత మంచి మనిషికీ వాల్టర్‌కూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. అతను ఆమె వాకిట్లోకి మంచు తోస్తాడు. ఆమె పార పట్టుకుని, అతనికి వినపడేలా తెలుగులో తిడతారు. అంతకుమించి మాటల్లేవు. గొడవ ఎక్కడ మొదలైందో ఊళ్లో ఎవరికీ తెలియదు. అడిగితే, “గాలి ఇటే వీస్తుందట, అందుకే ఇటు పోస్తాడట వెధవ” అని తేల్చేసేవారు ఆంటీ.

ఒక చలికాలం ఉదయం పేజర్‌లో వాల్టర్ ఇంటి అడ్రసే వినిపించింది. నేను ఇటు నుంచి పరిగెత్తేసరికి, ఆంటీ అటు నుంచి అతను పోసిన కుప్పనే తొక్కుకుంటూ వచ్చేశారు, చేతులకు ఇంకా ఉప్మా రవ్వ. ఇంకా ఆడుతున్న మిషన్ పక్కనే వాల్టర్ పడి ఉన్నాడు. ఊపిరి లేదు. అతని భార్య ఫోన్ జేబులో పడేసి మాతో చెయ్యి వేసింది. ముగ్గురం కలిసి అతన్ని గరాజ్‌లోకి లాగాం. ఆంటీ మోకాళ్ల మీద కూర్చుని, “వాల్టర్, నేను సుగుణని” అన్నారు. తర్వాత రెండు చేతులూ అతని గుండె మీద వేసి, నొక్కుతూ తిట్టడం మొదలుపెట్టారు.

“లేవరా మంచు దొంగా! నా వాకిట్లో కుప్ప ఎవడు తీస్తాడ్రా? లే!”

ఆమె అలిసిపోతే నేను నొక్కాను, నేను అలిసిపోతే ఆమె. గుండెకు షాక్ ఇచ్చే మా పెట్టె జరగమని పలికినప్పుడల్లా పక్కకు జరిగాం. అంబులెన్స్ వచ్చేసరికి నాడి దొరికింది. అతన్ని ఎక్కించుకుని వెళ్లాక ఆంటీ గరాజ్ గోడకు ఆనుకుని కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చారు.

ఇక ఇద్దరూ కలిసిపోతారనుకున్నాను. వాల్టర్ భార్య వచ్చి ఆంటీని కౌగిలించుకుని వెళ్లింది. వాల్టర్ రాలేదు. మరుసటి ఏడు, మొదటి మంచుకే, కుప్ప మళ్లీ ఆంటీ వాకిట్లో! నాకు ఒళ్లు మండిపోయింది. ఆంటీ మాత్రం పార మీద చేతులాన్చి తృప్తిగా చూశారు.

“చేతులు బాగానే ఆడుతున్నాయి వెధవకి.”

“ఇప్పుడైనా మాట్లాడుకోవచ్చు కదా ఆంటీ? ప్రాణం పోశారు!”

“పోశానని కనపడినప్పుడల్లా వాడు దణ్ణం పెట్టాలా? నేను పెద్దమనిషి వేషం కట్టాలా? ఎందుకొచ్చిన గోలమ్మాయ్. ఇలా ఉంటేనే వాడికి బావుంటుంది.”

ఆ వెంటనే గొంతు పెంచి తిట్లు అందుకున్నారు. అది మొండితనమో, దయో, రెండూ కలిసిన మరేదో నాకు అంతుపట్టలేదు. ఇప్పటికీ పట్టలేదు.

ఆంటీ అంత్యక్రియల రోజున వాల్టర్ టోపీ చేత పట్టుకుని హాలు బయట పార్కింగ్‌లోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. “ఇక నాకేమైనా అయితే ఎవరొస్తారు?” అని ఇంగ్లీషులో అడిగాడు. నేనొస్తానన్నాను. అతను టోపీ పెట్టుకుని, ట్రక్కెక్కి వెళ్లిపోయాడు. నమ్మాడో లేదో తెలియక ఇన్ని నెలలూ నాలో నేనే సతమతమయ్యాను.

ఇవాళ ఆ కుప్ప నా వాకిట్లో ఉంది. అవతల ఆంటీ ఇల్లు ఖాళీగానే ఉంది. అక్కడ పోస్తే అడిగే దిక్కు లేదు. అయినా ఇటే పోశాడు. పేజర్ నడుముకు తగిలించుకుని, కిటికీ తెరిచి, నాకు తెలియకుండానే అరిచాను.

“మంచు దొంగా! నా వాకిట్లో కుప్ప ఎవడు తీస్తాడ్రా?”

వాల్టర్ మిషన్ ఆపాడు. టోపీ తీసి, నా తిట్టు పూర్తయ్యేదాకా విన్నాడు. తర్వాత టోపీ పెట్టుకుని, మిషన్ స్టార్ట్ చేసి, ఇంకాస్త మంచు నా వైపు పోశాడు. నేను కళ్లు తుడుచుకుని పార కోసం వెళ్లాను.